పూరీ త్రోవలో బోయీలు, బాడుగకార్లు

గత దసరా సెలవులలో మేము కుటుంబసమేతముగా విశాఖపట్టణమునుండి పూరీకి బాడుగకారులో పోయితిమి. మా కాపురము చీపురుపల్లి. పండుగకు విశాఖలోనున్న మా కుమార్తె యింటికి వెళ్లి, అచ్చటినుండి జగన్నాథదర్శనమునకును, సముద్రతీరమున రెండుదినముల విశ్రాంతికిని బయలుదేరుటకు నిశ్చయించుకొంటిమి. పోవునపుడు కారులోను, వచ్చునపుడు రైలులోను అని యేర్పాటు. అందుచే ఒకవైపు ప్రయాణమునకే బాడుగ మాటలాడితిమి. తెల్లవాఱుజామున నాలుగుగంటలకు కారు వాకిట నిలిచెను.

నరసన్నపేట దాటినపిమ్మట, ఎనుబదియేండ్లకు దగ్గఱపడిన మా తల్లిగారు డ్రైవరును జూచి "నాయనా, రాత్రి నిద్దరపోయినావా?" అని యడిగిరి. అతఁడు నవ్వి, "నిన్న రాజమండ్రి బాడుగమ్మా. అద్దరాతిరికి వచ్చినాను. బండి కడుక్కుని రెండుగంటలు సీటుమీదే నడుం వాల్చినాను. పర్నేదు, మాకలవాటే" అనెను. "మరి ఈ రాత్రికి?" అని యామె మరల నడిగిరి. "మిమ్మల్ని పూరీలో దించీసి రాత్రికి రాత్రే వచ్చీవాలమ్మా. రేపు పొద్దున్న అరకు బాడుగుంది" అని యతఁడు సమాధానము చెప్పెను.

కారులో నైదునిమిషములు ఎవరును మాటలాడలేదు. బాడుగ కుదుర్చుకొనునప్పుడు మేము అన్నియు నడిగియుంటిమి. చల్లగాలి యంత్రము పనిచేయునా, సామానులకు చోటు చాలునా, టోలుగేటు రుసుము ఎవరు కట్టవలెను, సరిహద్దు పన్ను బాడుగలో చేరినదా కాదా, ఇవి యన్నియు మాకు తోఁచినవి. మా ప్రాణములనే గాక తన ప్రాణమునుగూడ చేతఁబట్టుకొని కూర్చున్న మనుష్యుఁడు నిద్రించెనా లేదా యను ప్రశ్న మాత్రము మాకు తోఁచలేదు. ఇంటిలో నందఱికంటె తక్కువ చదివిన మా తల్లిగారికి తోఁచినది.

ఆ ప్రశ్న మమ్ము నానాఁటినుండి విడువలేదు. మేము పోయిన త్రోవ క్రొత్తది కాదు. విశాఖకును పూరీకిని నడుమ సుమారు 440 కిలోమీటర్ల యీ బాటలో వందలయేండ్లనుండి తెలుఁగువారు ఉత్కళమునకును, ఉత్కళులు తెలుఁగునాఁటికిని పోవుచు వచ్చుచు నున్నారు. ఈ బాటలో ఎవరు ఎవరిని మోసిరి, మోయువాఁడు అలసినప్పుడు ఏమిచేసిరి అను దృష్టితో నీ చరిత్రను జూచినచో, మనము ముందుకు వచ్చితిమో వెనుకకు పోయితిమో యనుమానము కలుగును. ఆ యనుమానమునే చదువరుల యెదుట నుంచుచున్నాము.

తొలినాఁటి యాత్రికులు నడచిపోయినవారు. శ్రీకృష్ణచైతన్యులు 1510వ సంవత్సరమున పూరీనుండి దక్షిణయాత్రకు కాలినడకనే బయలుదేరి, శ్రీకూర్మమును సింహాచలమును దర్శించుకొనిరని వారి చరితకారులు వ్రాసినారు. ఋషికుల్య, బాహుద, వంశధార, నాగావళి నదులను వానకాలమున దాఁటుట సులభము కాదు. పడవ వచ్చువఱకును, వఱద తీయువఱకును రేవున గూర్చుండవలసినదే. అయినను నడచువాఁడు తన కాలిబలమును తానే యెఱిఁగియుండును. అలసినచోట చెట్టుక్రింద నాఁగును. సత్రమున్నచోట రాత్రి గడపును. వాని విశ్రాంతికిని వాని ప్రయాణమునకును నడుమ మూఁడవ మనుష్యుఁడు లేఁడు.

ధనవంతులు, ఉద్యోగులు మాత్రము పల్లకీలలో బోయిరి. ఈ బాటనుగూర్చి మన భాషలో మిగిలిన గొప్పసాక్ష్యము ఏనుఁగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రము. చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో దుబాసీగానుండిన వీరాస్వామయ్యగారు 1830 మే నెల 18వ తేదీన బయలుదేరి, కాశీ గయలు సేవించి, కలకత్తామీఁదుగా పూరీ జగన్నాథమునకు వచ్చి, అచ్చటినుండి గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణముల మార్గమున తిరిగి 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరిరి. వారి దినచర్యను కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో అచ్చువేయించిరి. ఏయూర నీరు దొరకును, ఏయూర సత్రమున్నది, ఏ బాట యిసుకది, ఏ బాట రాతిది అని యందు వ్రాయఁబడియున్నది. నేఁడు మనము చేతిలోని ఫోనులో చూచుకొను సమాచారమును వారు తమ కన్నులతోఁ జూచి వ్రాసి, తమ వెనుక రాఁబోవువారికొఱకు మిగిల్చిరి.

వీరాస్వామయ్యగారి ప్రయాణము బోయీల భుజములమీఁద సాగినది. మనుష్యుని మనుష్యుఁడు మోయుట నేఁడు మనకు సిగ్గుగొల్పును, సిగ్గుపడవలసినదే. అయినను ఆ పద్ధతిలో నొక్కటి గమనింపవలెను. బోయీ యలసినాఁడని పల్లకిలోనున్నవానికి తెలియకపోవుటకు వీలులేదు. వాని యూపిరి వినఁబడును. వాని పాటలో పట్టు తగ్గును. అడుగు తడఁబడినచో లోనున్నవాని దేహమే కదలును. ప్రతి మజిలీయు బోయీల బలమును కొలిచియే యేర్పడినది. దయచేతఁ గాదు, గత్యంతరము లేకయే ప్రభువు సేవకుని యలసటను లెక్కింపవలసి వచ్చెను.

త్వరగా పోవలసినవారికి డాకుపల్లకీల యేర్పాటుండెను. ముందుగా జాబు వ్రాసి తెలిపినచో, ప్రతి మజిలీయందును క్రొత్త బోయీలు సిద్ధముగానుండి, పాతవారిని దింపి తాము భుజమిచ్చెడివారు. రాత్రియంతయు పల్లకి పోయెను. కాని ఒకే భుజము రాత్రియంతయు మోయలేదు. టపా మోయు హర్కారాలదియు నదే పద్ధతి. గంటలుకట్టిన యీటెతో పరుగెత్తి తన మజిలీ ముగియఁగానే సంచిని మఱియొకనికి అందించి నిలిచిపోవును. వేగము కావలసినచో మనుష్యులను మార్చవలెనుగాని, ఒకే మనుష్యుని తఱుమరాదని యా కాలము ఎఱిఁగియుండెను. బోయీలకు దక్కిన కూలి స్వల్పము, వారికి సంఘమున నిచ్చిన తావు మఱింత స్వల్పము. మేము ఆ కాలమును పొగడుటలేదు. దానికి తెలిసిన లెక్క నొకదానిని మనము మఱచితిమని మాత్రము చెప్పుచున్నాము.

మధ్యతరగతి గృహస్థులకు ఎడ్లబండియే దిక్కు. బండిలో పోవువారు ఎడ్లను విప్పి, మేతవేసి, నీరుపెట్టి, అవి నెమరువేయునంతవఱకు తామును వంటచేసికొని తినెడివారు. బాటప్రక్క తోఁపులు, నూతులు, సత్రములు వెలసినది పశువుల యాఁకలిచేతను దప్పిచేతను గూడ. ఎద్దు మొరాయించును, ఎద్దునకు 'అలవాటే' యని చెప్పు నోరు లేదు. బండివాఁడు ఎద్దుచాటున తానును విశ్రమించెను.

అటుపిమ్మట రైలు వచ్చినది. తూర్పుతీరపు రైల్వే బెజవాడనుండి కటకమువఱకు 1893 మొదలు 1896 లోపల భాగభాగములుగా తెఱవఁబడెను. కొద్దికాలములో దాని దక్షిణభాగము మద్రాసు రైల్వేలోను, ఉత్తరభాగము బెంగాలు నాగపూరు రైల్వేలోను కలిసిపోయినవి. విజయనగరము, నెల్లిమర్ల, గరివిడి దాఁటి మా చీపురుపల్లి, అటుపిమ్మట సిగడాము, పొందూరు, దూసి, ఆమదాలవలస. ఈ వరుసయే మా ప్రాంతపు పిల్లలకు తొలి భూగోళపాఠము. గరివిడి, గర్భాము ప్రాంతముల మాంగనీసు రాయి నేలనుండి బయటఁబడి ఓడకెక్కుట కీ రైలే యాధారమైనది. అంతవఱకు పరగణాలోని యొక గ్రామముగానుండిన చీపురుపల్లి, రైలుతో లోకమునకు వాకిలి తెఱచుకొన్నది.

1897 ఫిబ్రవరిలో ఖుర్దారోడ్డునుండి పూరీకి శాఖ తెఱవఁబడెను. నెలల యాత్ర ఒకటి రెండు దినములలోనికి వచ్చినది. ఇల్లు విడుచునప్పుడు తిరిగివత్తుమో రామోయని బంధువులకడ సెలవు తీసికొను నాచారము క్రమముగా సడలినది. నడువలేని వృద్ధులు, చంటిపిల్లల తల్లులు, కూలినాలి చేసికొనువారు జగన్నాథుని జూచిరి. రైలుపెట్టెలో ఎవరి ప్రక్క నెవరు కూర్చుందురో టిక్కెట్టు నిర్ణయించెనుగాని కులము నిర్ణయింపలేదు. మడికట్టుకొన్న ముత్తైదువయు, మాలపల్లెనుండి వచ్చిన కూలిదియు నొకే బల్లమీఁద కూర్చుండవలసి వచ్చినప్పుడు, ఉపన్యాసములు చేయలేనిపని చెక్కబల్ల చేసినది. ఆ మార్పు సంపూర్ణమైనదని యనరాదు. స్వరాజ్యము వచ్చునంతవఱకు స్టేషనులలో హిందువులకు వేఱు, ముసల్మానులకు వేఱు మంచినీరుండెను. మూఁడవతరగతి పెట్టెల దుస్థితినిగూర్చి గాంధిమహాత్ముఁడు 1917లో ప్రత్యేకముగా వ్రాయవలసివచ్చెను. అయినను జనుల నొక్కచోటఁ జేర్చుటలో రైలుతో సమానమైనది మన దేశమున మఱియొకటి లేదు.

మేము చెప్పుచున్న విషయమున రైలు డాకుపల్లకి పద్ధతినే పెద్దది చేసినది. ఇంజను నడుపువారు, గార్డు నియమితమైన స్టేషనులలో దిగిపోవుదురు. విశ్రాంతిగదులలో నిద్రించి లేచినవారు వారి స్థానమున నెక్కుదురు. ప్రయాణికుఁడు నిద్రలోనుండఁగా నడుపువాఁడు మాఱిపోవును. ఈ యేర్పాటు రైల్వేల దయవలన నూరక కలిగినది కాదు. పనిగంటలకొఱకు కార్మికులు సంఘములు కట్టి దశాబ్దములు పోరాడి సాధించుకొన్నది. నేఁటికిని వారి కోరికలు తీరలేదు. కాని వారి నిద్ర ప్రయాణపు లెక్కలో నొక యంకెగా చేరినది.

మోటారు ఇరువదవ శతాబ్దమున వచ్చినది. 1914లో ఇండియన్ మోటారు వాహనముల చట్టము పుట్టెను. కొన్నియేండ్లకు మన జిల్లాలలో బస్సులు తిరుగనారంభించెను. బస్సు రైలుకందని గ్రామములకు కాలుసాఁచినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రమై, బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములు మద్రాసు రాజధానినుండి విడిపోయెను. ఇచ్ఛాపురము అవతల ప్రభుత్వము వేఱైనది. వీరాస్వామయ్యగారికి లేని సరిహద్దు మనకేర్పడినది. 1939లో వచ్చిన మోటారు వాహనముల చట్టము బస్సులకును బాడుగ వాహనములకును పర్మిట్ల పద్ధతిని స్థిరపఱచెను. పిమ్మట యుద్ధము వచ్చి పెట్రోలు కఱవైనప్పుడు, వెనుక బొగ్గుకుంపటి కట్టుకొని పొగలు చిమ్ముచు బస్సులు నడచెను. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడి, బస్సు ప్రజలసొత్తు అను భావమునకు రూపము కలిగినది.

ఆ 1939 చట్టమునందే మనకు కావలసిన నియమ మొకటి కలదు. బాడుగవాహనము నడుపువానిచేత ఎడతెగక అయిదుగంటలకు మించి పనిచేయింపరాదు. పిమ్మట అరగంటయైనను విశ్రాంతి నీయవలెను. దినమునకును వారమునకును గంటల పరిమితియు విధింపఁబడెను. అనఁగా మోటారు వచ్చిన యొక తరములోపలనే శాసనకర్తలు, యంత్రమునకు లేని యలసట మనుష్యునకు కలదని గుర్తించిరి.

స్వరాజ్యానంతరము 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టము వచ్చెను. దినమునకు ఎనిమిదిగంటలు, వారమునకు నలుబదియెనిమిది గంటలు అని యది నియమించెను. ఒక దినపు పని ముగిసినదానికిని మఱుసటిదినపు పని మొదలగుదానికిని నడుమ తొమ్మిదిగంటల యెడము ఉండవలెనని చెప్పెను. వారమున నొకదినము సెలవు నిచ్చెను. చదివినచో సంతోషము కలుగును. కాని దానిలో రెండు కంతలు కలవు. మొదటిది, పండుగలు మున్నగు సందర్భములందును దూరప్రయాణములందును పనిగంటలను దినమునకు పదివఱకు పెంపవచ్చునను మినహాయింపు. మనము సెలవుతీసికొని విశ్రమించు దినముననే వానికి విశ్రాంతి తగ్గవచ్చునని చట్టమే యొప్పుకొనినది. రెండవది మఱింత పెద్దది. అయిదుగురు లేక యంతకుమించిన కార్మికులు పనిచేయు సంస్థలకే యా చట్టము వర్తించెను. రాష్ట్రప్రభుత్వము తలఁచినచో చిన్నసంస్థలకును వర్తింపఁజేయవచ్చునను వీలు లేకపోలేదు. కాని అప్పుచేసి యొక్కకారు కొనుక్కొని తానే నడుపుకొనువాని కడకు గంటలు లెక్కపెట్టు అధికారి ఎట్లు వచ్చును? 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా స్మృతిలో నీ చట్టము కలిపివేయఁబడెను. చట్టముల పేరులు మాఱినను, ఒంటికారువాని నిద్ర మాత్రము చట్టపు దీపపువెలుఁగు చేరని మూలననే యుండిపోయినది.

కారు సామాన్యగృహస్థుల కందుబాటులోనికి వచ్చినది నిన్న మొన్ననే. 1950 దశకపు చివరనుండి 2014 వఱకు తయారైన అంబాసిడరు కారే చిరకాలము మన బాడుగకారు. దానిలో నెంతమంది యెక్కినను చోటుండెడిదని పెద్దలు నవ్వుచు చెప్పుకొందురు. పెండ్లికో, ఆసుపత్రికో తప్ప దానిని పిలుచుట లేదు. 1983లో మారుతికారు వచ్చినపిమ్మట రోడ్లమీఁద కార్ల సంఖ్య మాఱినది. ఇరువదియొకటవ శతాబ్దారంభమున చెన్నై కలకత్తాల రోడ్డు నాలుగువరుసలదైనది. 5వ నంబరు జాతీయరహదారియని పిలువఁబడిన దానికి 2010లో 16వ నంబరు వచ్చినది. ఈ రహదారి తగరపువలస, భోగాపురము, రణస్థలము, శ్రీకాకుళము మీఁదుగా పోవును. రైలు మా యూరి నడుమనుండి పోఁగా, రహదారి మా యూరిని తూర్పున విడిచిపెట్టి పోయినది. రాజాము, పాలకొండలకు పోవు బస్సులే మా వీథుల నింకను కదలించుచున్నవి. రైలు నిలుచు ఊరు ఒకటి, కారు పోవు త్రోవ యొకటి; నడుమ కొన్ని కోసుల దూరము. ఆ దూరములోనే రెండువిధముల ప్రయాణజీవితము మాకు కనఁబడుచున్నది.

కారువలన మేలు లేదని మేము చెప్పఁజాలము. మోకాళ్ల నొప్పిగల మా తల్లిగారు రైలువంతెన మెట్లెక్కలేరు. పసిపిల్లకు పాలిచ్చు తల్లి, నెలసరిదినములలోనున్న కన్య, మందులమీఁద బ్రతుకు రోగి, వీరికి కావలసినచోట నాఁగు బండి గొప్పవరము. మగతోడు లేకయే స్త్రీలు నలువురు కలిసి కారు మాటలాడుకొని యాత్రకు పోవుట మా చిన్ననాఁడు విననిది. నేఁడు మా వీథిలోనే చూచుచున్నాము. సంస్కారము కోరువారు దీనికి సంతోషింపవలెను. కారును నిందించి రైలును కీర్తించుట మా యుద్దేశము గాదు.

మా యాక్షేపణ వేఱొకటి. పల్లకిలో మోయువాని యలసట వినఁబడెను. ఎడ్లబండిలో ఎద్దు మొరాయించెను. డాకులోను రైలులోను మనుష్యుఁడు మాఱెను. కారులో నీ మూఁడును లేవు. యంత్రము అలయదు గనుక నడుపువాఁడును అలయఁడని మన మనస్సు మోసపోవును. అతఁడు మనకు మూరెడు దూరమునఁ గూర్చున్నాఁడు. కాని మనము చూచునది వాని వీఁపును మాత్రమే. మూఁతపడుచున్న వాని కన్ను చిన్న యద్దములోఁ దప్ప మనకు కనఁబడదు. మోయువాఁడు ఇంత దగ్గఱనుండియు వాని యలసట మనకింత దూరమైన కాలము ఈ త్రోవ చరిత్రలో నిదియే.

ఒకవైపు బాడుగలోనున్న చిక్కు మఱియొకటి. మనము పూరీలో దిగి, స్నానముచేసి, భోజనముచేసి నిద్రింతుము. మన ప్రయాణము 440 కిలోమీటర్లు, వానిది 880. మనకు కనఁబడని రెండవసగమును అతఁడు ఒంటరిగా, చీఁకటిలో, ఖాళీబండితో, మఱునాఁటి బాడుగకొఱకు తఱుముకొనుచు పోవును. ఆ సగముగూడ మన ప్రయాణములోని భాగమే. దానికి మనము డబ్బిచ్చితిమి. లెక్క మాత్రము చూడలేదు. మన దసరా సెలవులు వచ్చు నక్టోబరు నెల యీ తీరమున తుఫానుల కాలముగూడ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురమువద్దను, 2014లో నదే తేదీన హుద్‌హుద్ విశాఖవద్దను, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమునను తీరము దాఁటెను. వానగాలిలో అర్ధరాత్రి యీ బాటమీఁద నిద్రలేని కన్ను ఎంతపనిచేయునో యూహించుకొనవచ్చును. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డుప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్రప్రభుత్వపు లెక్క. వారిలో కునుకువలన పోయినవా రెందఱో విడఁదీసి చెప్పుట కష్టము. చనిపోయినవాఁడు తాను నిద్రించితినని చెప్పఁడు గదా.

"అతఁడే యిష్టపడి వచ్చినాఁడు, వద్దన్నచో వాని బత్తా పోవును, మనము దయచూపినచో వాని కడుపు మాడును" అని కొందఱు మిత్రులు మాతో వాదించిరి. ఈ వాదమునందు కొంత నిజము కలదు. కారుమీఁది అప్పు నెలనెలకు తీర్పవలెను. పండుగల నాలుగువారములే వానికి పంటకాలము. అయితే అలవాటైనదని చెప్పుట అలయలేదని చెప్పుట కాదు. బోయీలును అలవాటనియే మోసిరి. బాల్యవివాహమును, వితంతువుల దుర్దశను గూర్చి మాటలాడిన ప్రతివారికిని 'వారికది యలవాటే' యను సమాధానమే తొలుత వచ్చినది. బాధపడువాని యోర్పును బాధకు ప్రమాణపత్రముగా చూపుట మన సంఘమునకు పాతవిద్య. మఱియు, విశ్రాంతి కావలెనన్న కూలి పోవుననుట విశ్రాంతికి వ్యతిరేకమైన వాదము కాదు. విశ్రాంతినిగూడ కూలిలో చేర్పవలెననుటకు వాదము.

ఇఁక మేము చేసినది చెప్పెదము. మా తల్లిగారి పట్టుచే నాఁడు పూరీకి పోలేదు. మధ్యాహ్నమునకు చిలుకసరస్సు తీరమున రంభవద్ద నాఁగితిమి. ఒక బసలో గదులు దొరకినవి. డ్రైవరునకు గది యడుగఁగా, "డ్రైవర్లకు గదులుండవు, కారులో పడుకొందురు" అని యచ్చటివారు చెప్పిరి. నలువది దీపములు వెలుఁగు నా కట్టడములో, యాత్రికులను తెచ్చువానికి చాపవేయు చోటు లేదు. పాతసత్రములలో బోయీలకును బండివాండ్రకును వసారాయైనను ఉండెను. చివరకు మా పేరననే మఱియొక గది తీసికొంటిమి. అతఁడు ముందు ఒప్పుకొనలేదు. "నాకెందుకు బాబూ గది" అని సిగ్గుపడెను. మా తల్లిగారు "నీకోసం కాదు నాయనా, మా ప్రాణాలకోసం" అనిరి. అతఁడు పోయి పడుకొని, సాయంకాలము దీపాలువేళవఱకు లేవలేదు. మఱునాఁటి అరకు బాడుగను వాని స్నేహితునకు ఫోనుచేసి యప్పగించెను; ఆ నష్టమును మేము బత్తాలో కలిపితిమి. లెక్కవేయఁగా మా యాత్రాఖర్చులో నది యెనిమిదవ పాలుకూడ కాలేదు. మేమందఱము సముద్రపుటొడ్డున తిన్న తినుబండారముల ఖర్చు దానికంటె నెక్కువ.

మఱునాఁడు పూరీ చేరి, అతనినిగూడ మా వెంట దర్శనమునకు తోడ్కొని పోయితిమి. జగన్నాథుని మహాప్రసాదమును కులభేదము పాటింపక అందఱు నొక్కచోట తినుట అచ్చటి ప్రాచీనాచారము. మా తల్లిగారి యవ్వనమున వారి పుట్టింటి బండివాఁడు పెరటిలో దోసిలిపట్టి నీళ్లు త్రాగెడివాఁడఁట. ఆమెయే మాతో చెప్పిరి. ఆనందబజారులో ఆమె వాని ప్రక్కనే కూర్చుండి, మట్టికుండలోని యన్నమును తన చేతితో వాని యాకులో వడ్డించిరి. ఆమె దానినిగూర్చి మరల మాటలాడలేదు.

గృహస్థులైన చదువరులకు మా విన్నపములు కొన్ని కలవు. బాడుగ కుదుర్చుకొనునపుడు, నడుపువాఁడు ముందటి రాత్రి ఎచ్చట నుండెనో యడుగవలెను. నిద్రలేనివాఁడైనచో మఱియొకనిని పంపుమని నిర్మొగమాటముగా చెప్పవలెను. అయిదుగంటలకు అరగంటయను 1939 నాఁటి నియమమును ఏ యధికారియు చెప్పకయే మన కారులో మనము పాటింపవచ్చును. రాత్రిప్రయాణము తగ్గించి, దూరమును రెండుదినములకు పంచుకొనవలెను. ఒకవైపు బాడుగయైనచో, తిరుగుప్రయాణమునకు ముందు వాని రాత్రిబసకును భోజనమునకును మనమే సొమ్ము నిర్ణయించి బాడుగలో చేర్పవలెను. విడిగా చేతికిచ్చినచో అతఁడు దానిని మిగుల్చుకొని కారులోనే పడుకొనును, కావున గదియే చూపవలెను. బస నెంచుకొనునపుడు 'డ్రైవరునకు చోటున్నదా' యని యడుగవలెను. పదిమంది యడిగినచో పదకొండవవాఁడు అడుగకమునుపే ఆ చోటు కట్టఁబడును. రైలులో పోఁగలవారు రైలులో పోవలెను. దిగిన స్టేషనునుండి దగ్గఱదూరమునకే కారు పిలువవలెను. ఇవి చిన్నపనులు. శాసనసభలు చేయవలసిన పెద్దపని వేఱుగ నున్నది: ఒంటికారువానికిని పనిగంటలు, రహదారిప్రక్క నిద్రించుటకు శుభ్రమైన చోట్లు. ఆ పనికై యడుగు నర్హత, చిన్నపని చేసినవారికి కలుగును.

మూఁడవదినమున మేము రైలులో తిరుగుముఖము పట్టితిమి. అర్ధరాత్రి యొక స్టేషనులో బండి యాఁగఁగా, వేదికమీఁద నిద్రకన్నులతో నొక ఇంజనుడ్రైవరు సంచి భుజమున వేసికొని విశ్రాంతిగదివైపు పోవుచుండుటయు, మఱియొకఁడు ముఖము కడుగుకొని యెదురుగా వచ్చుచుండుటయు కిటికీనుండి చూచితిమి. ఇద్దఱును ఒక మాట యనుకొని ప్రక్కప్రక్కనుండి దాఁటిపోయిరి. అంతవఱకు నెన్నియో పర్యాయములు ఆ స్టేషనులో బండి యాఁగినదిగాని, ఎందుకాఁగునో మేము కిటికీ తెఱచి చూచియుండలేదు. తెల్లవాఱునప్పటికి చీపురుపల్లి వచ్చినది. మా తల్లిగారు దిగి, కూర్చుండుటకు బల్ల వెదకుకొని, "ఆ అబ్బాయి యిల్లు చేరినాడో లేదో ఫోను చేయండి" అనిరి. చేసితిమి. ఇల్లు చేరి, నిద్రించుచున్నాఁడని వాని భార్య చెప్పినది.